పసుపు పట్టీ అక్కర్లేదన్నాను

నాలుగేళ్లుగా ఒక చిన్న మాట నా గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. పైగా నేను రోజంతా వాగే మనిషిని. అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక నాకో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చేవాళ్లు సగం, నా జోకులకు వచ్చేవాళ్లు సగం. ఇంత వాగుడులో ఆ ఒక్క మాటకే చోటు దొరకలేదు. మిమ్మల్ని నేనెరగను, మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

నాలుగేళ్ల కిందట విశాఖపట్నం నుంచి శ్రావణి అనే అమ్మాయి మా దుకాణానికి వచ్చింది. చవక ఫోన్ల కోసం తెలుగులో యాప్ స్టోర్ తయారుచేసే కంపెనీ ఆమెది. పేజీ ఎలా కనబడాలో గీసేది ఆమే. రెండు పేజీలు తెచ్చింది. మొదటిదాంట్లో ప్రతి యాప్‌కూ ఒకేరకం ఆకుపచ్చ బటన్, దానిమీద ‘ఉచితంగా మొదలుపెట్టండి’ అని. నొక్కి చూడమంది. నొక్కాను.

“అర్థమైందా అన్నయ్యా?” అంది.

“అర్థం కాకపోడానికేటుందమ్మా, ఇదేటి ఎనిమిదో క్లాసు లెక్కలా?” అన్నాను. నేను బడి మానేసింది ఆ లెక్కల దగ్గరే. ఆమె నవ్వింది.

అప్పుడు రెండో పేజీ తీసింది. అదే యాప్. దానిమీద పసుపు పట్టీ. పట్టీ మీద పెద్ద అక్షరాల్లో, ‘నెలనెలా డబ్బు కట్ అవుతుంది’. నిజంగా ఉచితమైనవాటికి ఆ పట్టీ లేదు.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. మొదటి పేజీలో ఆ సంగతి బటన్ కింద చీమలబారులాంటి ఇంగ్లీషులో ఉందట. నేను దాన్ని గీత అనుకున్నాను.

ఆ క్షణంలోనే అనాల్సింది, “నాకూ తెలియలేదమ్మా” అని. ఎందుకనలేదు? ఊరందరి ఫోన్లూ విప్పే మొనగాణ్ని, బటన్ కింద ఏముందో చదవలేకపోయానని ఒక చదువుకున్న పిల్లతో ఎలా చెప్పను? జోకు అప్పటికే వేసేశాను. వేసిన జోకులోంచి బయటికి రావడానికి తలుపుండదు.

కంపెనీ పెద్దలకు పట్టీ ఇష్టం లేదని ఆమే చెప్పింది. అది చూస్తే జనం నొక్కరని వాళ్ల భయం. పట్టీ లేకపోతే మామూలు మనుషులు మోసపోతారని చూపించగలిగితేనే అది నిలుస్తుంది. ఆ పేజీలున్న ఫోనూ, పది వరుసల కాగితమూ నా చేతిలో పెట్టి, “మీరేం చెప్పకండి. పదిమందికి మొదటి పేజీ చూపించండి, అర్థమైందో కాలేదో రాయండి, చాలు” అంది. పైన ‘పరిశీలకుడు’ అని రాసి, పక్కన నా పేరు రాసింది. బడి హాజరుపట్టీ తర్వాత నా పేరు ఒక కాగితం మీద అంత గౌరవంగా పడటం అదే మొదలు.

ముందుగా నూకరత్నం పిన్నికి చూపించాను. పూడిమడక నుంచి ఎండుచేపల గంపతో ఆటోలో వస్తుంది. ఆమె కూడా చక్కగా నొక్కేసింది. నేను ఉండబట్టలేక రెండో పేజీ కూడా చూపించి సంగతి చెప్పాను. పిన్ని రెండు పేజీలూ మార్చి మార్చి చూసింది.

“ఇదేటి నాయనా, ఉప్పుసేపా సప్పసేపా ఒకే గంపలో ఎట్టేరు? కొనీవోళ్లకి ఎలా తెలుత్తాది? ఇంటికెళ్లి కూరొండేక గదా తిడతారు!”

“నువ్వు ఫోన్ని కూడా వాసన సూసి కొంటావేటి పిన్నీ?” అన్నాను.

“సావు నీ ఎకసెక్కాలూ, నువ్వూను,” అని పగలబడి నవ్వి గంపెత్తుకుంది.

శ్రావణికి కావలసిన మాట అదే. ఆ అమ్మాయి ఎన్ని రోజులు గీసినా ఇంతకంటే సూటిగా చెప్పలేదు. అది నేను రాయలేదు. పదిమందికీ ‘కాలేదు’ అని రాస్తే, మరి మీకొక్కరికే ఎలా అర్థమైందని అడుగుతుందని భయపడ్డాను. పిన్ని పేరు పక్కన ‘అర్థమైంది’ అని రాశాను. మిగతా తొమ్మిది పేర్లూ కూర్చున్నచోటే పుట్టించాను. కాగితం చూసి శ్రావణి ముఖం చిన్నబోయింది. “పట్టీ అక్కర్లేదంటారా అన్నయ్యా?” అంది. “మావోళ్లు తెలివైనోళ్లమ్మా” అన్నాను.

పట్టీ లేకుండానే ఆ స్టోర్ బయటికొచ్చింది. నా ఒక్క కాగితం వల్లే అనుకుంటే గొప్పలు పోవడం. దానివల్ల కాదనుకుంటే పిరికితనం. ఈ రెంటి మధ్యా తిరుగుతూనే ఉన్నాను.

కొన్నాళ్లకు పిన్ని ఫోను పట్టుకొచ్చింది. భర్త పడవ మీద వెళతాడని గాలి సంగతీ అలల సంగతీ చెప్పే యాప్ వేసుకుందట. అదే ఆకుపచ్చ బటన్. నెల తిరిగేసరికి డబ్బు కట్ అయింది. నేను తెరమీది ఆ యాప్ బొమ్మ చెరిపేసి, “పోయింది పిన్నీ” అన్నాను. బొమ్మ చెరిపితే కోత ఆగదని నాకప్పటికి తెలియదు. అదీ చదవలేదు! పై నెల పిన్ని మళ్లీ డబ్బు పోయిందంటూ వచ్చింది. ఆపై నెలా వచ్చింది. అప్పటికి తెలుసుకుని ఆపాను. కానీ పిన్ని ఫోను బల్లమీద పెట్టేసింది.

“అమ్మేయ్ నాయనా. సదువులేన్దాన్ని, తప్పు నాదే. ఆ పసుపు పట్టీ ఎట్టలేదని నీకు తెలిసుంటే ముందే సెప్పేవోడివి కాదేటి?”

నేను ఆ ఫోను తీసి సొరుగులో పెట్టాను.

ఇప్పుడామె చేతిలో బటన్ల ఫోనుంది. గాలి సంగతి రేవులో ఎవరినో ఒకర్ని అడుగుతుంది. ఆమె ఫోను నేను అమ్మలేదు. ఆ సొరుగులోనే ఉంది, చార్జింగు కూడా పెడుతుంటాను, ఎందుకో తెలియదు. దొంగనని ఒప్పుకోవడమైనా తేలికేమో. చదవలేదని ఒప్పుకోవడం ఇంత కష్టమా? నేను దాచుకున్న సిగ్గును ఆమె తనదిగా మోస్తోంది. చూస్తూ ఊరుకున్నాను. ఇప్పటికీ వచ్చినప్పుడల్లా నాలుగు చప్పచేపలు కాగితంలో చుట్టి బల్లమీద పెడుతుంది. రేపు కూడా వస్తుంది. చెబుతానో, మళ్లీ ఏదో ఎకసెక్కమాడి పంపేస్తానో నాకే నమ్మకం లేదు.

శ్రావణి కాగితంలో పరిశీలకుడికి వరుస లేదు. పదో పేరు కింద కొంచెం ఖాళీ ఉండేది. అక్కడ రాయాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

కాలేదు. అందరికంటే ముందు నాకే కాలేదు.