ఆరో కారణం

నా చిన్నప్పుడు, పదకొండో ఏట, మా తాతయ్య నా నెత్తిన రాళ్ల గంప పెట్టాడు. ఆ కోపం నాలో ఇప్పటికీ చల్లారలేదు. డెబ్బై దాటాక, సిడ్నీలో కూతురింట్లో కూర్చుని, ఎప్పుడో పోయిన మనిషి మీద ఇంకా మండిపడుతున్నానంటే నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

పోయిన వారం ఈ కెల్లీవిల్ ఇంట్లో అది మళ్లీ రాజుకుంది. మా మనవడు తొమ్మిదో తరగతి. ఏదైనా ఒక సామ్రాజ్యం మీద జరిగిన తిరుగుబాటును ఎంచుకుని, కారణాలు రాసుకురమ్మని స్కూల్లో చెప్పారట. అమ్మమ్మ ఊరి వైపు జరిగింది కదా అని వాడు మన్యం పితూరీని ఎంచుకున్నాడు. తెల్లవాళ్ల పాలన మీద మా కొండల్లోని గిరిజనులు చేసిన తిరుగుబాటు అది. నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. తీరా వాడు లాప్‌టాప్‌లోంచి చదివి వినిపిస్తే ఒళ్లు మండింది. ఐదు చుక్కలు, ఒక్కో చుక్క పక్కన ఒక్కో ముక్క. అడవుల సంరక్షణ కోసం, అడవి కొట్టి చేసే పోడు సేద్యాన్ని ఆపారట, అది కొండవాళ్లకు నచ్చలేదట. సంరక్షణట! రైలు పట్టాల కింద వేసుకోవడానికి మానులకు మానులు నరికి పట్టుకుపోయినవాళ్లా అడవిని సంరక్షించింది? ఒక చెక్క నేల శుభ్రం చేసుకుని నాలుగు చోడిగింజలు చల్లుకున్నవాడా దొంగ? నా గొంతు పెరిగేసరికి పక్క గదిలో ఆఫీసు మీటింగులో ఉన్న మా అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చింది.

"అమ్మా, కాస్త మెల్లగా. మైక్ ఆన్‌లో ఉంది. వాడి అసైన్‌మెంట్ వాణ్ణి చేసుకోనీ."

వాడు మాత్రం బెదరలేదు. "చిల్, అమ్మమ్మా. ఫైవ్ కాజెస్ ఈజ్ ఇనఫ్. టీచర్ ఫైవే అడిగారు," అన్నాడు.

అరవై ఏళ్ల కిందట ఆ ఐదింటినీ అదే ధీమాతో అప్పజెప్పింది నేనే మరి.

మాది కొండల కింద ఊరు. మన్యంలోకి పోయే రోడ్డు మా వీధి చివరి నుంచే పైకెక్కుతుంది. ఒక శనివారం సాయంత్రం నేను అరుగు మీద నిలబడి పరీక్ష పాఠం వల్లె వేస్తున్నాను. పోడు ఆపడం, మేతకు పుల్లరి కట్టించుకోవడం, కల్లు మీద పన్ను, అటవీ జవాన్ల దౌర్జన్యం, రోడ్డు పనికి వెట్టిచాకిరీ. వేళ్లు మడిచి మరీ చెప్పాను. పడక్కుర్చీలో కళ్లు మూసుకుని విన్న మా తాతయ్య "అంతేనా?" అన్నాడు. మాస్టారు ఐదే చెప్పారని విసుక్కున్నాను.

మా పెరట్లో నాకు సొంతంగా ఒక మొక్కజొన్న మడి ఉండేది. గింజ నాటిందీ, నూతి నుంచి నీళ్లు మోసిందీ, చిలకల్ని తోలిందీ నేనే. పొత్తుల పీచు నల్లబడుతోంది. ఇంకో వారంలో కాల్చి పెడతానని స్నేహితురాళ్లకు మాటిచ్చాను. ఆదివారం పొద్దున్న లేచి చూస్తే మడి చుట్టూ ముళ్లకంప వేసి ఉంది. పక్కనే కర్ర పట్టుకుని మా తాతయ్య. ఇకనుంచి ఇది సర్కారు మడి, తనని అడగకుండా కాలు పెట్టకూడదన్నాడు. వేళాకోళం అనుకుని నవ్వాను. కాసేపటికి దూడ కోసం కంప సందులోంచి రెండు ఆకులు తెంపితే, పుల్లరి కింద నా చేతిలోని బెల్లంముక్క లాక్కుని నోట్లో వేసుకున్నాడు. అప్పుడు నవ్వు రాలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక, మడి దాకా రాళ్లతో దారి వెయ్యమన్నాడు. నా మడిలోకి నేను వెళ్లకూడదు గానీ దానికి దారి మాత్రం నేనే వెయ్యాలి! అమ్మకు చెబితే, తాతయ్య చెప్పినట్టు వినమంది. పళ్లు కొరుక్కుంటూనే చిన్న గంపలో రాళ్లేసుకుని, చంకన పెట్టుకుని మోశాను. ఎంత కోపం వచ్చినా మోశాను. పెద్దాయన, ఎప్పుడో విసుగొచ్చి ఆపేస్తాడులే అనుకున్నాను.

ఎండ తగ్గాక నా స్నేహితురాళ్లు నలుగురు ఆటకి వచ్చారు. వాళ్లని చూసి మా తాతయ్య కుర్చీలోంచి లేచాడు. నా చంకలోని గంప తీసి, కింద గుడ్డ చుట్టయినా లేకుండా, నా నెత్తిన పెట్టాడు.

"నడు నడు. ఏటా నడక? తిండి తిన్లేదేటి?"

వాళ్లు కిసుక్కుమన్నారు. ఆ తర్వాత నేనేం చేశానో నాకు ముక్కలుగానే గుర్తుంది. గంప విసిరికొట్టాను. చూరులోంచి కొడవలి లాగాను. ముళ్లు గీరుకుపోతున్నా కంపలో పడి లోపలికి దూరి, నేను పెంచిన మొక్కల్ని నేనే ఒక్కటి మిగల్చకుండా నరికాను. నాది కానప్పుడు ఎవరిదీ కాకూడదని అరుస్తూ నరికాను. పిల్లలు పరుగో పరుగు.

మా తాతయ్య ఇది అనుకోలేదు. సాయంత్రం దాకా ఏడిపించి, ఆనక నవ్వి, మడి తిరిగిచ్చేసి, పాఠం చెబుదామనుకున్నాడు పాపం. పడిపోయిన మొక్కల మధ్య వచ్చి కూలబడ్డాడు. "ఇది ఆ ఐదింట్లో ఏదే?" అని అడిగాడు. ఏదీ కాదు. "వాళ్ల ముందర ఎందుకు పెట్టావు?" అని వెక్కుతూ అరిచాను.

అప్పుడు చెప్పాడు. పితూరీ ముందు ఆయనకు ఇరవై ఏళ్లు, ఆ కొండ రోడ్డు పనిలో మేస్త్రీ. గూడేలకు పెద్దగా ఉండే ముఠాదారు ఒకాయన, ముసలాయన, పనిచోటుకి వచ్చాడట. పోడు కొట్టుకునే అదను దాటిపోతోంది, మా వాళ్లని వదలమని అధికారిని అడిగాడట. అధికారి మాట్లాడకుండా గంప వైపు చూపించాడు. దాన్ని ఎత్తి ఆ ముసలాయన నెత్తిన పెట్టింది మా తాతయ్య. పలుగులు పట్టుకున్న చేతులన్నీ ఆగిపోయాయట. ముసలాయన దించమనలేదు, సాయంత్రం దాకా మోశాడు. ఇదంతా చెబుతూ మా తాతయ్య తన చేతుల్ని చూసుకుంటున్నాడు. కొన్నాళ్లకే కొండలు లేచాయి. ఆ పనిచోట చూసిన మొహాలు కొన్ని తుపాకులకు బలయ్యాయి, కొన్ని జైళ్లకు పోయాయి. అంతా అణిగాక దొరలు వచ్చి కారణాలు రాసుకున్నారు. మా తాతయ్యనీ పిలిచి అడిగారు. ఆయన పోడు గురించి చెప్పాడు, పుల్లరి గురించి చెప్పాడు. గంప సంగతి మాత్రం మింగేశాడు. నా పాఠంలో ఆరోది ఎందుకు లేదో ఆ రోజు నాకు తెలిసింది.

ఇదంతా మనవడికి చెప్పాను. చెబుతూ చెబుతూ వెనక పెరట్లో బార్బెక్యూ పొయ్యి పక్కన పరిచిన గులకరాళ్ల వైపు చూశాను. ఒక బకెట్ నింపి వీడి నెత్తిన పెడితే అర్థమవుతుందా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. పెట్టలేదు. ఎంత పాఠమైనా అది గంపే, పెట్టేది నా చెయ్యే.

వాడు "వాట్ వాజ్ హిజ్ నేమ్?" అన్నాడు.

ఎవరి పేరన్నాను. "ద ఓల్డ్ మ్యాన్, అమ్మమ్మా. ఎవ్రీ అసెంబ్లీలో దిస్ ఈజ్ దారుగ్ ల్యాండ్ అని వాళ్ల పేరు చెప్తాం కదా. సో, ఈ తాతగారి పేరు?"

దారుగ్ అంటే తెల్లవాళ్లు రాకముందు ఈ నేల ఎవరిదో ఆ ఆదివాసులు. పేరు చెప్పి ఏం లాభంరా, నేల తిరిగిచ్చారా అని కసరబోయాను. కానీ మా దగ్గర ఆ పేరు కూడా లేదు. గంప ఎత్తిన రోజు మా తాతయ్య అడగలేదు. ఆయన ఆ తర్వాత ఇంకా తొమ్మిదేళ్లు మా అరుగు మీదే ఉన్నాడు, నేనూ అడగలేదు. నెత్తిన పెట్టిన గంప గురించి వెయ్యిసార్లు తిట్టుకున్నాను గానీ, ఆ ముసలాయన ఎవరో, ఏ గూడెం మనిషో ఆయన్ని ఒక్కసారీ నిలదీయలేదు. అరవై ఏళ్లుగా నా కోపమంతా నలుగురు స్నేహితురాళ్ల ముందు పోయిన నా పరువు కోసమే ఖర్చయిందని ఈ పిల్లాడు అడిగేదాకా నాకు తట్టలేదు.

వాడు లాప్‌టాప్ దగ్గరికి జరుపుకుని ఆరో చుక్క పెట్టాడు. ఒక ముసలాయన, ఆయన పేరు ఎవరూ అడగలేదు అని ఇంగ్లీషులో రాశాడు. మార్కులు పోతాయేమోరా అన్నాను. భుజాలెగరేశాడు. నేను నా గదిలోకి వచ్చి తలుపేసుకున్నాను. మా తాతయ్య ఎదురుగా ఉంటే ఇప్పుడు అడిగేది ఆ పేరొక్కటే.