కాళ్ళు మెలికేసుకుని వచ్చిన అమ్మవారు

లినో చెక్కడం నేర్చుకుంటున్నానని చెప్పగానే మా అక్క అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఎన్నాళ్ళే?"

అడిగే హక్కు ఆవిడకుంది. నేపర్‌విల్‌లో మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆవిడ కూర్చునే సోఫా పక్కన ఒక తీగ తెగిన యుకులేలే, సూదులతో సహా ఆగిపోయిన మూరెడు మఫ్లర్ ఉంటాయి. కొన్నాళ్ళు ఫ్రిజ్‌లో ఒక సీసాడు పులిసిన పిండి కూడా ఉండేది. దాంతో రొట్టెలు చేద్దామనుకున్నాను. చివరికి దాన్ని పారేసింది అక్కే. నేను పారేయడం కూడా మొదలుపెట్టి వదిలేశాను.

క్లాసు శనివారాలు పొద్దున్న. నేర్పే పెద్దావిడ రిటైరైన డెంటిస్టు. లినో అంటే పాత ఆఫీసుల్లో నేల మీద పరిచే షీటు లాంటిదే. దాని మీద బొమ్మ గీసి, అక్కర్లేని చోటల్లా సన్నటి ఉలితో తవ్వేసి, మిగిలిన గట్టు మీద రోలర్‌తో రంగు పూసి గుడ్డ మీద అద్దాలి. ఆవిడ తవ్వుతుంటే చూసేవాళ్ళ పళ్ళు జివ్వుమంటాయి. ప్రతి క్లాసు మొదట్లోనూ ఒకటే చెప్పేది: చెక్కింది చెక్కినట్టు పడదు, అద్దంలో చూసినట్టు తిరగబడి పడుతుంది. నేను అది నోట్సులో రాసుకుని కింద గీత కూడా గీశాను. పైగా మాది కృష్ణా జిల్లా, కలంకారీ అద్దకాల వైపు. మా వంశంలో ఎవరూ అద్దకం బల్ల దగ్గర నిలబడ్డ దాఖలా లేదు గాని, తాగిన నీళ్ళ ప్రభావం కొంత ఉంటుందని నా నమ్మకం.

ఆ రోజుల్లోనే అక్కావాళ్ళు ఇల్లు కొన్నారు. అంతకు ముందు రెండిళ్ళు చేతిదాకా వచ్చి జారిపోయాయి. అక్క ఇన్సూరెన్స్ కంపెనీలో రిస్కు లెక్కలు కట్టే ఉద్యోగం చేస్తుంది. ఆ రెండూ పోవడానికి కారణం రాహుకాలంలో చూడ్డానికి వెళ్ళడమేనని ఆవిడ లెక్క. అందుకని మూడో ఇంటి గృహప్రవేశంలో ఏ లోటూ ఉండకూడదనుకుంది. ఒక్కటే చిక్కు. గడప దాటగానే మీగడ రంగు కార్పెట్. దాని మీద బియ్యప్పిండితో లక్ష్మీ పాదాలు వేస్తే ఆ పిండి మళ్ళీ ఆ ఇల్లు అమ్మేదాకా వదలదు. ఇండియన్ స్టోర్‌లో స్టిక్కర్లు కొంటానంది. నాకు పౌరుషం వచ్చింది. గడప నుంచి హాలు దాకా పొడుగ్గా తెల్ల కాటన్ గుడ్డ పరిచి, దాని మీద కుంకుమ రంగు పాదాలు నేను అద్ది ఇస్తానన్నాను.

"ఇదొక్కటైనా పూర్తి చెయ్యవే," అంది అక్క. "సగంలో వదిలేస్తే మా అత్తగారి ముందు నా పరువు పోతుంది."

పూర్తి చేశాను. ఈ వాక్యం నేను రాయడం ఇదే మొదటిసారి. నా పాదాలే కాగితం మీద గీసుకుని, అమ్మవారికి ఎనిమిదో నంబరు కాళ్ళు బాగుండవని ఆఫీసు కాపీ మెషీన్ మీద సగానికి తగ్గించాను. కార్బన్ పెట్టి లినో మీదికి దింపి, రెండు ముక్కలు చెక్కి, పొరపాటు జరక్కుండా వెనకాల ఒకదాని మీద కుడి, ఇంకోదాని మీద ఎడమ అని రాశాను. కుడిది కుడి పక్కన, ఎడమది ఎడమ పక్కన, శాస్త్రప్రకారం కుడికాలు ముందు వచ్చేలా అద్దుకుంటూ పోయాను. రంగు కారలేదు, చెదరలేదు. ఇస్త్రీ చేసి రంగు పట్టించాను. డెంటిస్టుగారి హెచ్చరిక గుర్తు లేక కాదు. తిరగబడేవి అక్షరాలు కదా, నేను అక్షరాలు చెక్కడం లేదు కదా అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న గుడ్డ పరిచాం. అక్క ముఖంలో నేనెప్పుడూ చూడని ఒక గౌరవం కనిపించింది. దాని ఆయుష్షు రెండు నిమిషాలు. పంతులుగారు కలశం సర్దుకుంటున్నారు. ఆయనకి ఇంకో టౌన్‌లో ఇంకో సత్యనారాయణ వ్రతం ఉంది. ముహూర్తానికి పావుగంట ఉందనగా, విజయవాడ నుంచి వచ్చి మూడు నెలలుగా ఇక్కడే ఉన్న అక్క అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని వంగారు.

"అమ్మాయీ," అన్నారు నాతో, చాలా మర్యాదగా. "అమ్మవారు కాళ్ళు మెలికేసుకుని వస్తోందేంటమ్మా?"

అందరం వంగి చూశాం. నిజమే. పాదాలు కూడా తిరగబడ్డాయి. కుడి పక్కన పడ్డ పాదాలన్నిటికీ బొటనవేళ్ళు కుడివైపు ఉన్నాయి, ఎడమ పక్కవాటికి ఎడమవైపు. సంపదల తల్లి ఫ్యాషన్ షోలో మోడల్‌లా అడుగు మీద అడుగు కత్తెరేసుకుంటూ హాల్లోకి నడుస్తోంది. బావ నవ్వు ఆపుకోడానికి గరాజ్‌లోకి వెళ్ళాడు.

అక్క మాత్రం మెలిక దగ్గర ఆగలేదు. గడప పక్కనున్న మొదటి పాదం చూసింది. "ఎడమకాలు పెట్టి వస్తోందే," అంది, ఎవరితోనూ కానట్టు.

ఆ గొంతు నాకు తెలుసు. రెండో ఇల్లు పోయినప్పుడు ఫోన్‌లో విన్నాను. ఆ తర్వాత ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తెరిచి స్టిక్కర్ల ప్యాకెట్ తీసింది. నమ్మకం లేక కాదట, జస్ట్ బ్యాకప్ అట. కార్పెట్‌కి స్టిక్కర్లు అంటవని ఎవరూ అనలేదు, నేను కూడా. నేను చూస్తున్నది గుడ్డ చుట్టెయ్యడానికి వంగిన అక్క చేతుల్నే.

అప్పుడు తట్టింది. "అక్కా, ఒక్క నిమిషం ఆగు. నిలువునా చింపేద్దాం."

కత్తెర కోసం వెతుకుతుంటే శుభమా అంటూ కొత్తబట్టకి కత్తెరేంటన్నారు అత్తగారు. చీరలోంచి జాకెట్టు ముక్క చింపితే ఎవరూ అశుభం అనరు కదా అత్తయ్యగారూ అన్నాను. ఆవిడ క్షణం ఆలోచించి, తన లెక్కలో అది కుదిరినట్టుంది, రెండో కొస తనే పట్టుకున్నారు. అంచు పళ్ళతో కొరికి లాగాను. నెల్లాళ్ళ పని జర్రుమని, నూలు వెంబడి తిన్నగా, హాలు చివరిదాకా రెండయింది. నేను పూర్తి చేసిన ఒకే ఒక్క పనిని చింపడం చాలా సులువు. బాధ అంటే ఏమిటో తెలిసేలోపే అయిపోయింది.

ఎడమ పక్క ముక్కని కుడివైపు, కుడి పక్క ముక్కని ఎడమవైపు వేశాను. మెలిక విడిపోయింది. ఇప్పుడు ఎడమవైపున్న ముక్కని కాస్త హాల్లోకి జరిపితే గడప దగ్గర కుడికాలు మొదటిదైంది. రెండు ముక్కల మధ్య మీగడ రంగు కార్పెట్ జానెడు కనిపించింది. పంతులుగారు వాచీ చూసి, చాలా బాగుంది, ఇక రండి అన్నారు. ఆయన దేన్ని మెచ్చుకున్నారో మేమెవరం అడగలేదు. అక్క దేవుడి పటం పట్టుకుని కుడికాలు పెట్టింది.

భోజనాల దగ్గర ఒక ఆంటీ ఆ రెండు పట్టీల డిజైన్ చాలా మోడ్రన్‌గా ఉందని, వాళ్ళమ్మాయి ఇంటికి కూడా అలాంటిది చేసిపెట్టమని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "చేస్తుంది ఆంటీ. మొదలుపెట్టిందంటే వదలదు."

వెళ్ళేటప్పుడు ఆ స్టిక్కర్ల ప్యాకెట్ నా చేతిలోనే పెట్టింది, మీ గుమ్మంలో అంటించుకోమని. ఇంకా విప్పలేదు. ఒక కాలు అంటించి వదిలేస్తానేమోనని భయం.