రోజారాణి చేతి నీళ్లు

అలియాబాద్ బాలనర్సమ్మకు ఒక నియమం ఉంది. గడప తొక్కిన మనిషికి ముందు నీళ్లివ్వాలి, మాట తర్వాత. చుట్టమైనా సరే, కయ్యానికి కాలు దువ్వి వచ్చినవాడైనా సరే. "ఎండల బడొచ్చినోళ్లకు గొంతు తడిసినంకనే ఏదన్న జెప్పాలె బిడ్డా" అని కూతురు రోజారాణికి చిన్నప్పటి నుంచీ నూరిపోసింది. కూతురు ఆ మాట మరవలేదు. మరిచినా బాగుండేదని ఇప్పుడు తల్లీకూతుళ్లిద్దరికీ అనిపిస్తుంది గానీ, ఇప్పుడనుకుని ఏం లాభం?

రోజారాణి నర్సు. మేడ్చల్ హైవే పక్కన అద్దాలు మెరిసే ఒక ప్రైవేటు దవాఖానలో ఎనిమిదేళ్లుగా పనిచేస్తోంది. తండ్రి నర్సయ్య శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి ఆమెను నర్సింగ్ చదివించాడు. మొదటి ఆరేళ్లు ఆమె ఐసీయూలో ఉంది. అక్కడ ఆమెకు ఒక పేరుండేది. ఎవరికీ నరం దొరకని చేతిలో ఆమెకు దొరికేది. విరేచనాలతో ఎండిపోయిన ముసలమ్మలకు, ఒళ్లంతా వాచిన కిడ్నీ జబ్బువాళ్లకు సూది గుచ్చీ గుచ్చీ విసిగిపోయిన డాక్టర్లు "రోజా సిస్టర్‌ను పిలవండి" అనేవాళ్లు. ఆమె కళ్లు మూసుకుని చూపుడువేలితో మెల్లగా తడిమేది. వల తాడు పట్టుకున్న నాయినకు అడుగున చేప కదిలితే తెలిసినట్టు తనకూ తెలుస్తుందని నవ్వుతూ చెప్పేది. ఆ ఆరేళ్లూ ఆమె అలిసిపోయింది గానీ ఏడవలేదు.

ఈ రోజుల్లో నర్సు పని ఏమిటో చెప్పడం కష్టం, ఏది కాదో చెప్పడం తేలిక. సూది వేయాలి, మందివ్వాలి, ఆ రెండూ ట్యాబులో ఎక్కించాలి. ఎక్కించకపోతే వేసిన సూది వేయనట్టే లెక్క. ఇన్సూరెన్సు వాళ్లు అడిగితే పుండుకు ఫొటో తీసి పంపాలి. లిఫ్టు ఆగిపోతే, ఏసీ పనిచేయకపోతే తిట్లు తినాలి. ఇంటికెళ్లే పేషెంటు చేత ఫోనులో ఐదు చుక్కల రేటింగు పెట్టించుకోవాలి. దున్నే ఎద్దునే పొడుస్తారన్నట్టు ఎంత చేస్తే అంత నెత్తికెత్తారు. అవన్నీ రోజారాణి భరించింది. భరించలేనిది రెండేళ్ల కిందట వచ్చి పడింది.

ఆ ఏడాది ఎండాకాలంలో ఒక పేషెంటు చనిపోతే అతని బంధువులు డ్యూటీ డాక్టర్ అన్వేష్ చెంప పగలగొట్టారు, రిసెప్షన్ అద్దాలూ పగలగొట్టారు. ఆ తర్వాత చావు కబురు చెప్పాలంటే డాక్టర్లు జంకారు. నర్సుల్లో సగం మంది కేరళ పిల్లలు, వాళ్లకు భాష చాలదు. అలాంటి సమయంలో దుండిగల్ తండా నుంచి వచ్చిన దుర్గాబాయి భర్త పోయాడు. చెప్పేవాళ్లు లేక ఆమె ఐసీయూ తలుపు ముందు రెండు గంటలు కూర్చుంది. అన్నానికి వెళ్తున్న రోజారాణి అది చూసి ఉండబట్టలేక పక్కనే నేల మీద కూర్చుంది. తన సీసాలోని నీళ్లిచ్చి, "ముందుగాల నీళ్లు తాగు పెద్దమ్మా" అంది. ఆమె తాగాక చేయి పట్టుకుని చెప్పింది. దుర్గాబాయి రోజారాణి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఒక్క అద్దం కూడా పగల్లేదు.

మేనేజర్ దేవేందర్ అదంతా సీసీ కెమెరాలో చూశాడు. మర్నాడు పిలిచాడు.

"రోజా, నీ మాట ఈ ఊర్లోళ్లకు మంచిగ ఎక్కుతది. ఇకమీదట ఇది నువ్వే చూసుకో."

"సార్, నేను ఐసీయూ నర్సును."

"కౌన్సెలర్ అని బోర్డు పెట్టిస్త. ప్రమోషన్ అనుకో."

బోర్డు పెట్టించాడు. ఐసీయూ తలుపు తెరిచే కార్డు వెనక్కి తీసుకున్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు పెద్దలు. ఈమె నోరు మంచిదైనందుకు ఊళ్లో చావులన్నీ ఆ నోట్లో పెట్టారు.

చెప్పడానికి దేవేందర్ ఒక పద్ధతి కూడా తయారుచేశాడు. మొదట "సీరియస్‌గా ఉంది" అనాలి. మనిషి అప్పటికే పోయి ఉంటాడు. అరగంట ఆగి "డాక్టర్లు చూస్తున్నారు" అనాలి. ఈలోగా సెక్యూరిటీ వాళ్లు వచ్చి చేరాలి, డాక్టరు వెనక లిఫ్టులో దిగి వెళ్లిపోవాలి. అప్పుడు అసలు మాట. నీళ్లు మాత్రం ఆ పద్ధతిలో లేవు. అవి రోజారాణి తనంతట తాను ఇచ్చేది, తల్లి నేర్పిన నియమం ప్రకారం. మాట ఎలాగూ తనది కాదు, నీళ్లైనా తనవి అనుకునేది. కొన్నాళ్లకు దవాఖాన వరండాలో కూర్చునే వాళ్లందరికీ ఆ గుర్తు తెలిసిపోయింది. రోజా సిస్టర్ గ్లాసు పట్టుకుని వస్తే అయిపోయినట్టే.

అలియాబాద్‌లో వాళ్ల వాడలోనే ఉండే గాలయ్య పోయినప్పుడు ఒక పొరపాటు జరిగింది. సెక్యూరిటీ రావడం ఆలస్యమైంది. "ఇంకో గంట నడిపియ్యి" అన్నాడు దేవేందర్. గాలయ్య భార్య రోజారాణిని చిన్నప్పుడు చంకనెత్తుకున్న మనిషి. ఆమె కళ్లలోకి చూస్తూ, "ఇప్పుడు జరంత నయమే చిన్నమ్మా" అని చెప్పింది రోజారాణి. గంట తర్వాత గ్లాసు పట్టుకుని వెళ్లింది. ఉద్యోగం కోసమే చెప్పింది, నిజమే. కానీ ఆ అబద్ధానికి ఆమెను వెనకేసుకు రావడానికి లేదు, ఆమె కూడా తనను తాను ఎన్నడూ వెనకేసుకు రాలేదు.

వాడంతా గుప్పుమంది. ఆ నెలలోనే మేనత్త ఇంట్లో పెళ్లి. బంతిలో వడ్డించేవాళ్లు తక్కువైతే రోజారాణి నీళ్ల జగ్గు అందుకుంది. మేనత్త పరుగున వచ్చి నవ్వుతూనే ఆ జగ్గు లాగేసుకుంది. "నువ్వు కూసో బిడ్డా, దినాం జేసే పనే గదా" అంది. బాలనర్సమ్మ అక్కడే ఉంది. ఆమె ఊరుకునే మనిషా? పెళ్లి పందిట్లోనే ఆడబిడ్డను కడిగేసింది. "నా బిడ్డ చేతి నీళ్లకేమైంది? సచ్చేటోళ్ల పక్కపొంటి నిలబడేటందుకు మీకు దమ్ముందా?" అని అరిచి, జగ్గు తిరిగి గుంజుకుని, కూతురి చేతనే పోయించుకుని గటగటా తాగి మరీ ఇంటికి వచ్చింది. ఆ రాత్రి రోజారాణి కడుపు నిండినట్టు పడుకుంది. ప్రపంచమంతా ఏమన్నా, ఒక్క మనిషి నమ్మితే చాలనిపించింది.

అయినా ఆ పని నుంచి బయటపడాలన్న తపన మాత్రం నానాటికీ పెరిగింది. తన చేతికి ఇంకా నరం తెలుస్తుందో లేదోనని బస్సులో కూర్చుని తన మణికట్టే తడుముకునేది. నెలకోసారి దేవేందర్ గదికి వెళ్లి ఐసీయూలోకి తిరిగి పంపమని అడిగేది. అతను దసరా అన్నాడు, సంక్రాంతి అన్నాడు, ఉగాది అన్నాడు. ఉగాది కూడా వెళ్లిపోయింది.

మే నెలలో ఒకరోజు పొద్దున్నే నర్సయ్య వల లాగుతూ లాగుతూ ఛాతీ పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. ఆటో నడిపే పరమేష్ అతన్నీ బాలనర్సమ్మనూ ఎక్కించుకుని దవాఖానకు తెచ్చాడు. పై అంతస్తులో ఎవరి చేతనో సంతకాలు పెట్టిస్తున్న రోజారాణికి కబురు అందేసరికి నాయినను ఐసీయూలోకి తీసుకెళ్లిపోయారు. బయట బెంచీ మీద అమ్మ ఒక్కతే, చెరువు మట్టి కాళ్లతో, పెదవులు ఎండిపోయి కూర్చుని ఉంది. "లోపలికి వో బిడ్డా, నాయిన కాడికి వో" అని తోసింది.

కార్డు లేదు. రోజారాణి తలుపు మీద దబదబా బాదింది. తెరిచిన ఆయాను పక్కకు నెట్టి లోపలికి దూరింది. మంచం దగ్గర నవ్యశ్రీ, చదువు ముగించి నెల కూడా కాని పిల్ల, ఇంకో సూది పట్టుకుని ఎక్కడ గుచ్చాలో తోచక నిలబడి ఉంది. నర్సయ్య రెండు చేతుల మీదా అప్పటికే నాలుగు చోట్ల గుచ్చిన గుర్తులు. డాక్టర్ అన్వేష్ మందు సిద్ధం చేసుకుని "లైన్ దొరికిందా, దొరికిందా" అని అరుస్తున్నాడు. నర్సయ్య ఒళ్లంతా చల్లటి చెమట.

"ఇటియ్యి" అంది రోజారాణి.

నాయిన చేయి తీసుకుని కళ్లు మూసుకుంది. తాళ్లు లాగి లాగి కాయలు కాసిన చేయి. వేలు మెల్లగా జరిపింది. రెండేళ్లయింది. ఏమీ తెలియలేదు. మళ్లీ ఇంకొంచెం పక్కకు జరిపింది. మోచేతికి కింద, లోపలెక్కడో, సన్నగా కదిలింది. సూది ఒక్కసారికే లోపలికి వెళ్లింది. "నడిచింది సార్" అంది. అన్వేష్ మందు ఎక్కించాడు.

ముప్పావు గంటకు నర్సయ్య మొహంలోకి రంగు వచ్చింది. "సిస్టర్, మీరు లేకపోతే కష్టమయ్యేది" అని అన్వేష్ నలుగురిలో అన్నాడు. ఆ మాటతో రోజారాణికి పోయిన రెండేళ్లూ తిరిగొచ్చినట్టయింది. రేపే వెళ్లి దేవేందర్‌ను అడగాలి, ఇక కాదనలేడు అనుకుంది. నర్సయ్య కళ్లు తెరిచి అన్న మొదటి మాట ఇది:

"మీ అమ్మ పొద్దట్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలే బిడ్డా. గామెకు ఇంతన్ని నీళ్లు తాపు."

రోజారాణి ఆనందంతో కళ్లు తుడుచుకుంటూ పోయి, గ్లాసు నిండా చల్లటి నీళ్లు పట్టుకుని తలుపు తోసుకుని బయటికి వచ్చింది. ఆ క్షణంలో ఆమె కౌన్సెలర్ కాదు, కూతురు. అందుకే గ్లాసు సంగతి ఆమెకు తోచలేదు.

"అమ్మా, ముందుగాల నీళ్లు తాగు."

బాలనర్సమ్మ గ్లాసు వైపు చూసింది. కూతురి తడి కళ్ల వైపు చూసింది. మళ్లీ గ్లాసు వైపు చూసింది. బెంచీ మీంచి జారి నేల మీద పడింది. "ఓ నా దేవుడో" అని ఆమె పెట్టిన కేకకు వరండా మొత్తం లేచి నిలబడింది.

"అమ్మా, నాయిన మంచిగున్నడే! నాయినే తాపుమన్నడు!"

"గట్లనే జెప్పినవ్ గదనే గాలయ్య పెండ్లానికి! జరంత నయమని నువ్వే జెప్పినవ్ గదా!"

రోజారాణి గ్లాసు కింద పెట్టి చేతులు పట్టుకోబోయింది. బాలనర్సమ్మ ఆ చేతులను విదిలించుకుని, తన రెండు చేతులూ బెంచీ అంచుకేసి కొట్టుకుంది. గాజులు పగిలి నేలంతా చెదిరాయి. ఎర్ర గాజులు, బోనాలకు వేసుకున్నవి. మణికట్టు మీద నెత్తురు చిమ్మింది.

కేక వినగానే దవాఖాన తన అలవాటు ప్రకారం కదిలింది. నలుగురు సెక్యూరిటీ వాళ్లు వచ్చి అద్దాల ముందు వరుసగా నిలబడ్డారు. దేవేందర్ రొప్పుతూ వచ్చి, "ఏ బెడ్డు రోజా? చెప్పుడు అయిపోయిందా?" అని అడిగాడు. లోపల డాక్టర్ అన్వేష్, బతికున్న పేషెంటును బతికుండగానే వదిలేసి వెనక లిఫ్టు ఎక్కేశాడు. ఎవరు పోయారని అడగడానికి కూడా ఆగలేదు.

రోజారాణి తల్లిని నేల మీంచి లేపి, సెక్యూరిటీ వాళ్లను తోసుకుంటూ, చెప్పులతో సహా ఐసీయూలోకి ఈడ్చుకెళ్లింది. దిండుకు ఆనుకుని ఉన్న నర్సయ్య తల తిప్పి చూశాడు.

"ఏందే, గట్ల మొత్తుకుంటున్నవ్? నేను సచ్చిన్ననుకున్నవా?"

నర్సయ్య చూపు భార్య బోసి చేతుల మీద పడి అక్కడే ఆగింది. మొగుడు బతికుండగా గాజులు పగలగొట్టుకున్న ఆడది. ఇక ఆ మాట అలియాబాద్‌లో ఎన్నేళ్లు తిరుగుతుందో ఆ ముగ్గురికీ తెలుసు. ఆమె చేతులను కొంగులో దాచుకుని, కూతురి వైపు చూడకుండా అంది:

"నీ నోటి మాట నమ్మబుద్ధి కాలే బిడ్డా. ఏం జెయ్యాలె?"

వారం తిరక్కుండా రోజారాణి చేతికి మెమో వచ్చింది. అనుమతి లేకుండా ఐసీయూలో ప్రవేశించినందుకు, బయటి మనిషిని చెప్పులతో లోపలికి తెచ్చినందుకు. నరం పట్టినందుకు అందులో ఒక్క ముక్క లేదు. ట్యాబులో ఆ సూది నవ్యశ్రీ పేరు మీద ఎక్కింది. దేవేందర్ గదికి వెళ్లి ఈ పని ఇక తన వల్ల కాదని చెప్పింది. అతను కుర్చీ జరిపి, నిజంగా మెచ్చుకోలుగానే అన్నాడు.

"ఎట్ల వదులుకుంటం రోజా? మొన్న చూసిన గదా, నువ్వు నోరు తెరవకముందే ఆమెకు సమజైంది. ఎవ్వలూ మన మీదికి రాలే, ఒక్క అద్దం పగల్లే. గిట్ల ఎవ్వరికొస్తది?"

ఆ మనిషి రోజారాణి తల్లి అని అతనికి గుర్తు లేదు. గుర్తు చేయాలని రోజారాణికీ అనిపించలేదు.

నర్సయ్య ఇంటికి వచ్చాడు. వల జోలికి వెళ్లొద్దన్నారు కాబట్టి వాకిట్లో మంచం మీద కూర్చుని పాత వలలకు కుట్లు వేస్తున్నాడు. బాలనర్సమ్మ కొత్త గాజులు వేసుకుంది. కూతురితో మామూలుగానే ఉంటుంది, కూరలో ఉప్పు ఎక్కువైందని తిడుతుంది, తల దువ్వుతుంది. పోయిన ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ వాకిట్లో కూర్చున్నారు. ఎండకు బాలనర్సమ్మ గొంతు సవరించుకుంది. రోజారాణి చప్పున లేచి నీళ్ల కుండ, రంజన్ వైపు అడుగు వేసింది.

"నువ్వు కూసో బిడ్డా" అంది బాలనర్సమ్మ. "నేను దెచ్చుకుంట."

మేనత్త పెళ్లి పందిట్లో అన్న మాటే. అన్నాక తల్లికే తెలిసి తల దించుకుంది, కానీ లేచి తనే వెళ్లి ముంచుకుని తాగింది. నర్సయ్య ఇద్దర్నీ చూసి, చేతిలో వల పక్కన పెట్టాడు.

"నాకు తే బిడ్డా, నాకు మస్తు దూప అయితాంది."

రోజారాణి చెంబు నిండా తెచ్చి నాయిన చేతికిచ్చింది. ఆయన గటగటా, చప్పుడు వినపడేలా తాగాడు. బాలనర్సమ్మ రంజన్ దగ్గరే నిలబడి, ఆయన ఆఖరి గుక్క మింగి చెంబు కింద పెట్టేదాకా ఆయన మొహం మీంచి చూపు తిప్పలేదు.