నా సంతకం ఉన్న కాగితం

అప్పట్లో నేను నిజామాబాద్‌లో ఒక కార్ల షోరూంలో వారంటీ కాగితాలు చూసేవాణ్ణి. బండ్లు గానీ, వాటి యజమానులు గానీ నా కంటపడేవాళ్లు కాదు. మెకానిక్ పంపిన రిపోర్టు చూసి ఇంగ్లిష్‌లో జవాబు టైపు చేసి, సంతకం పెట్టడమే నా పని.

ఒక సాయంత్రం బోధన్ బస్సులో పక్క సీటాయన నాకొక కాగితం అందించాడు. యాభై ఏళ్ల రైతు.

"తమ్మీ, గిందుల ఏం రాసిండ్రో జర చెప్పు. గిప్పుడే షోరూంల ఇచ్చిండ్రు. కొత్త కారు, ఆరు నెలలు గాలే, ఇంజన్ ఖరాబైంది."

కింద నా సంతకం కనబడింది.

"ఇంజన్ల నీళ్లు పోయినయంట అన్నా. వారంటీ రాదంట."

"నీళ్లా? బండి నడిపేది మా బిడ్డ. నీళ్లల్ల పోనేలేదని ఒట్టేసి చెప్పింది. ఇంజన్ ఇప్పి సూసిండ్రా మరి?"

విప్పలేదు. మెకానిక్ రిపోర్టులో 'ఇంజన్ విప్పి చూశారా' అన్న గడి ఖాళీగా ఉండటం నేను చూశాను. చూసే సంతకం పెట్టాను.

"ఏమో అన్నా, నాకు తెల్వదు" అన్నాను.

ఆయన కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"అంత పెద్ద షోరూమోళ్లు ఉత్తగనే రాస్తరా? అయితే నా బిడ్డనే అబద్ధమాడింది" అన్నాడు. తన ఊరు రాగానే, "మంచిగ చదివి చెప్పినవ్ తమ్మీ" అని దిగిపోయాడు.

ఆ అమ్మాయి మాట నమ్మమని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మర్నాడు ఆఫీసులో ఫైలు తీసి, ఆయన నంబరుకు రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ ఆయన ఎత్తకముందే పెట్టేశాను.