మూడో పికప్

మా చిన్నత్తకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. కట్టుడు పళ్ళు తయారు చేసే ల్యాబ్‌లో పదహారేళ్ళుగా ఆమెతో పనిచేస్తున్నవాళ్ళకు ఈ సంగతి తెలుసు కాబట్టి, ఆమె మాట మెత్తబడగానే ఎవరి బల్ల దగ్గరికి వాళ్ళు జారుకుంటారు. గిటార్లు బాగుచేసే మేస్త్రీకి మాత్రం తెలియదు. ఆ శనివారం మధ్యాహ్నం ఆమె ఎంత నెమ్మదిగా మాట్లాడిందంటే, ఆయన చేతిలోని టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి ముందుకు వంగి వినవలసి వచ్చింది.

గిటారుకు బ్రిడ్జ్ పికప్ మార్చాలని, ఆయన దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పదునైనది కావాలని ఆమె అడిగింది.

పికప్ అంటే ఎలక్ట్రిక్ గిటారు తీగల కింద అమర్చే చిన్న భాగం. అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టి దాన్ని తయారు చేస్తారు. తీగల కంపనాన్ని పట్టుకుని పంపేది అదే. తీగలు వచ్చి ఆనే బ్రిడ్జ్ పక్కన ఉండే పికప్‌కు పదును ఎక్కువ. పాటలో గాయని ఆగి, గిటారు ఒంటరిగా ముందుకు రావలసిన చోట చిన్నత్త దాన్నే నమ్ముకుంటుంది. రెండేళ్ళలో దాన్ని రెండుసార్లు మార్పించింది. ఇప్పుడు అడుగుతున్నది మూడోది.

ఈ రెండేళ్ళ కథకు మూలం మా మామయ్య, అంటే పెద్దత్త భర్త. పెళ్ళిళ్ళకూ ఆఫీసు వేడుకలకూ వాయించే చిన్న బృందం ఆయనది. కీబోర్డు ఆయన వాయిస్తాడు, పెద్దత్త పాడుతుంది, డ్రమ్స్‌కు ఒక పోస్టుమాన్ ఉన్నాడు, గిటారు చిన్నత్తది. అందరి ధ్వనులనూ కలిపి స్పీకర్లకు పంపే మిక్సర్ మామయ్య కుడిచేతి పక్కన ఉంటుంది. దాని మీద ఇంకొకరు చెయ్యి వేస్తే తన జేబులో చెయ్యి పెట్టినంత పని అవుతుంది ఆయనకు. ప్రతి ఆదివారం ఉదయం, అద్దెకు తీసుకున్న కారు షెడ్డులో సాధన చేస్తారు.

అలాంటి ఒక ఆదివారం మామయ్య కీబోర్డు ఆపి, "ఏం మరదలా, నీ గిటారు దుప్పటి కప్పుకుని పడుకుందా?" అన్నాడు. అందరూ నవ్వారు, చిన్నత్త కూడా నవ్వింది. ధ్వని నిజంగానే మందంగా, మూసుకుపోయినట్టు ఉంది. ఆమె తీగలు మార్చింది, కేబుల్ మార్చింది, ఆ పైన మామయ్య సలహా మీదే పికప్ మార్పించింది. మేస్త్రీ దుకాణంలో కత్తిలా మోగిన ఆ పికప్ షెడ్డుకు రాగానే మళ్ళీ దుప్పట్లో దూరింది. అంతకన్నా పదునైన రెండోదాని గతీ అంతే అయింది. మామయ్య హాస్యానికి మాత్రం లోటు రాలేదు. గిటారుకు జలుబు చేసిందన్నాడు, బావిలోంచి పిలుస్తోందన్నాడు. చివరికి పోస్టుమాన్ వింటుండగా, అన్నీ మార్చాక ఇక మిగిలినవి వేళ్ళేననీ, నలభై దాటితే ఎవరి వేళ్ళైనా మొద్దుబారతాయనీ అన్నాడు. వచ్చే నెల కార్యక్రమంలో గిటారు ఒంటరిగా పలికే భాగాలన్నీ కీబోర్డు తీసుకుంటుందనీ, మరదలు వెనకాల తోడు వాయిస్తే చాలుననీ తేల్చేశాడు. ఆ భాగాలన్నీ చిన్నత్త స్వయంగా కూర్చుకున్నవి.

మైనంతో ఒక్కో పన్నునూ చెక్కి, వెంట్రుకవాసి తేడాను గోటితో పసిగట్టే వేళ్ళవి. ఆ వారమంతా ఆమె ల్యాబ్‌లో ఎవరూ చూడకుండా మైనం చెక్కే కత్తి మొనతో ఒక్కో వేలి కొసనూ గుచ్చి చూసుకుంది. నొప్పి తెలుస్తూనే ఉంది. అయినా నమ్మకం కుదరలేదు.

మేస్త్రీ ఆమె గిటారును తన దగ్గరి స్పీకరుకు తగిలించి నాలుగు తీగలు మీటాడు. గోడకు వేలాడుతున్న మరో గిటారు కూడా జివ్వుమంది.

"ఇంతకన్నా పదునైంది పెడితే నేనిక్కడ కూర్చోలేనమ్మా. మూడోది నేను అమ్మను" అన్నాడు ఆయన.

"అమ్మడం మీ పని. నా వేళ్ళు పనికిరావని మీరు కూడా చెప్పాలా?"

"వేళ్ళ మాట నేనెత్తలేదే. ఇక్కడ మోగుతోంది, అక్కడ మోగట్లేదు అంటున్నారు. ఆ మధ్యలో ఏముందో చూడండి. గిటారు పొట్ట మళ్ళీ మళ్ళీ కోయించకండి."

ఆమె గిటారును సంచిలో పెట్టి జిప్పు బలంగా లాగింది. ఆ ఊపుకు జిప్పు పిడి ఊడి చేతికొచ్చింది. బస్టాపులో ఆ పిడిని పిడికిట్లో పట్టుకుని నిలబడినప్పుడు గాని ల్యాబ్‌లో తను పనిచేసే తీరు ఆమెకు గుర్తు రాలేదు. పళ్ళ సెట్టు నొప్పి పెడుతోందని డాక్టరు తిప్పి పంపితే, ఆమె పన్నును అరగదీయదు. ముందు నోటి అచ్చు తెప్పించుకుని చూస్తుంది. తప్పు చాలాసార్లు అచ్చులోనే దొరుకుతుంది. ఊళ్ళోవాళ్ళ పళ్ళకు చూపించిన ఆ పాటి ఇంగితం తన గిటారుకు ఎందుకు చూపించలేదని ఈసారి కోపం తన మీదికి మళ్ళింది.

మర్నాడు అందరికన్నా గంట ముందే షెడ్డు తెరిచింది. గిటారు నుంచి కేబుల్ వెంట వేలు ఆనించుకుంటూ నడిచింది. కేబుల్ మిక్సర్ దగ్గర ఆగింది. తన గిటారుకు చెందిన నాబ్‌ల వరుసలో, ధ్వనిలోని పదునును పెంచి తగ్గించే నాబ్ ఎడమకు చివరంటా తిప్పి ఉంది. అది కదలకుండా పైన టేపు అంటించి ఉంది. పసుపెక్కిన ఆ టేపు మీద మామయ్య దస్తూరిలో 'రేకుల హాలు' అని రాసి ఉంది.

ఆమె టేపు పీకి, నాబ్‌ను మధ్యకు తిప్పి, ఒక్క తీగ మీటింది. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన పెద్దత్త చేతిలో ఫ్లాస్కుతో ఆగిపోయింది.

"కొత్తది పెట్టించావా ఏంటే? బాబోయ్, పళ్ళు జివ్వుమన్నాయి."

"పాతదేనక్కా. మీ ఆయన్ని రానీ."

మామయ్య వచ్చి టేపు చూశాడు. కొంతసేపటికి ఆయనకు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట రేకుల కప్పున్న ఒక హాలులో గిటారు ధ్వని పైకప్పుకు కొట్టుకుని కీచుమంటే, ఆ ఒక్క పూటకని నాబ్ తగ్గించి, పాట మధ్యలో కదలకుండా టేపు వేశాడు. తీయడం మరిచిపోయాడు.

"అరె, దీని సంగతే మర్చిపోయాను చూడు. పోనీలే, దొరికింది కదా, రా మొదలుపెడదాం" అని నవ్వాడు.

చిన్నత్త గొంతు ఇంకా తగ్గింది. "రెండేళ్ళు మీరు మర్చిపోయారు బావగారూ. మీ మాట నమ్మి నేను వారమంతా కత్తితో వేళ్ళు గుచ్చి చూసుకున్నాను."

ఆయన నవ్వు ఆగింది. తప్పేననీ, ఇంతకీ తననిప్పుడు ఏం చేయమంటుందనీ విసుక్కున్నాడు. వేళ్ళ మాట పోస్టుమాన్ ముందు అన్నారు కాబట్టి ఈ మాటా అతని ముందే అనాలని ఆమె చెప్పింది. పోస్టుమాన్ వచ్చేదాకా పెద్దత్త ఫ్లాస్కు మూత కూడా తీయలేదు. అతను వచ్చాక మామయ్య కీబోర్డు వైపు చూస్తూ తప్పు తనదేనన్నాడు. అది క్షమాపణో, కీబోర్డుకు చేసిన ఫిర్యాదో పోస్టుమాన్‌కు అర్థం కాలేదు.

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. మూసిన నాబ్‌ను గెలవడానికి ఎంచుకున్న రెండో పికప్, నాబ్ తెరిచాక చెవుల్ని కోస్తోంది. పికప్ మార్చక తప్పదు. కానీ ఈసారి ఎంపిక దుకాణంలో కాక, షెడ్డులో, ఆ మిక్సర్ గుండానే జరగాలని చిన్నత్త పట్టుబట్టింది. తరువాతి ఆదివారం మేస్త్రీ పెట్టె పట్టుకుని వచ్చాడు. ఆమె గిటారులోంచి తీసినవాటిని పారేయకుండా, తేదీలు రాసిన కాగితపు కవర్లలో ఆయన దాచి ఉంచాడు. ఒక్కోదాన్నీ బిగించినప్పుడు చిన్నత్త ఒకే వరుసను వాయించింది, పెద్దత్త ఒకే చరణాన్ని పాడింది. తొలి మార్పులో కొన్న పికప్ బాగానే మోగింది గాని పాటను మింగేసింది. మొదటినుంచీ గిటారులో ఉన్న పికప్ దగ్గర మాత్రం పెద్దత్త గొంతు ఆగిన చోటు నుంచి తీగ అందుకున్నట్టు వినిపించింది. తీగ మీద వేలు జారడం కూడా తెలిసింది.

"మూడోది అమ్మనన్నాను కదమ్మా, మొదటిదే ఉంచుకోండి" అన్నాడు మేస్త్రీ. చిన్నత్త నవ్వలేదు. ఆ టేపు అప్పుడే తీసి ఉంటే ఈ రెండేళ్ళూ దీన్నే వాయించి ఉండేదాన్నంది.

కార్యక్రమం రోజున ఆమె భాగాలు ఆమెకే ఉన్నాయి. రెండో పాటలో గిటారు ముందుకు రాగానే, అలవాటు కొద్దీ మామయ్య కుడిచెయ్యి మిక్సర్‌లోని ఆమె గిటారు నాబ్ మీదికి వెళ్ళింది. చిన్నత్త వాయించడం ఆపేసింది. హాల్లో డ్రమ్స్ మాత్రమే వినిపించాయి. పోస్టుమాన్ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ అదే దెబ్బను కొనసాగించాడు. మామయ్య చెయ్యి వెనక్కి తీసుకుని కీబోర్డు మీద పెట్టుకునే వరకూ ఆమె ఆగి, వదిలిన చోటు నుంచి వరుస అందుకుంది.