నూనె వెయ్యని ముద్ద

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాయనమ్మ మాటకు ఎదురుండేది కాదు. సత్తెనపల్లి దగ్గర మిరప, పత్తి పండించే కుటుంబం మాది. ఏ చేలో ఏం వెయ్యాలో మా తాతయ్యే నిర్ణయిస్తాడని ఊరంతా అనుకునేది. పాపం, తాతయ్య కూడా అలాగే అనుకునేవాడు.

ఆ ఏడు మిరపకోతల కాలంలో పక్క ఊళ్ళో అమ్మవారు పోసింది. మశూచి అనే మాట ఎవరూ పైకి అనేవారు కాదు. అక్కడ ఒక పసిబిడ్డ పోయాడని తెలిసిన రోజున మా అమ్మ కంచం ముందు కూర్చుని తినకుండానే లేచింది. మా తమ్ముడు అప్పటికింకా పాకుతున్నాడు. వాడికి టీకా పడలేదు. మా పెద్దనాన్నకు పసితనంలో టీకా వేస్తే చేయి వాచి, జ్వరం ముదిరి, చావు తప్పి బయటపడ్డాడట. అప్పటినుంచీ మా గడప దాటి సూది లోపలికి రాకూడదని నాయనమ్మ పంతం. నాకు బళ్ళో వేసేశారని తెలిసి మా మాస్టారిని ఎన్నాళ్ళు తిట్టిందో లెక్కలేదు.

టీకాలు వేయడానికి వచ్చిన నర్సమ్మది కేరళ. సర్కారు ఉద్యోగం ఎక్కడికి పంపితే అక్కడికి వెళుతూ మా వైపు వచ్చి చేరింది. తెలుగు అప్పుడప్పుడే నాలుకకు పట్టుబడుతోంది. ఆమె మా ఇంటికి వచ్చినప్పుడల్లా నాయనమ్మ వాకిట్లోంచే పంపేసేది. అమ్మ తలుపు చాటున నిలబడి చూసేదే తప్ప, అత్తగారి ముందు నోరు విప్పేది కాదు.

ఆ రోజు మా పెరట్లో పండుమిరపకాయల పచ్చడి దంచుతున్నాం. రోలు దగ్గరికి వచ్చిన మనిషి, పగవాడైనా సరే, ఒక ముద్ద తినకుండా వెళితే ఆ ఏటి పచ్చడి బూజు పడుతుందని మా నాయనమ్మ నమ్మకం. సరిగ్గా అప్పుడే నర్సమ్మ పెరటి దోవన వచ్చి రోలు పక్కన నిలబడింది.

నాయనమ్మ ఇరకాటంలో పడింది. పంపేద్దామంటే ఏడాది పచ్చడి పాడవుతుంది. ఉండమందామంటే ఆ భుజాన సంచి, సంచిలో సూదులు. చివరికి వేడన్నం తెప్పించి, రోట్లోంచి పచ్చడి తీసి కలిపి, పెద్ద ముద్ద చేసి నర్సమ్మ చేతిలో పెట్టింది. నువ్వులనూనె గిన్నె పక్కనే ఉంది. ఒక్క చుక్క కూడా వెయ్యలేదు. మరిచిపోయానని ఆ తర్వాత జీవితమంతా వాదించింది. నేను పక్కనే ఉన్నాను, ఆవిడ ఏమీ మరిచిపోలేదు.

అప్పుడే దంచిన పచ్చడిని నూనె లేకుండా మా ఊరి వస్తాదులు కూడా తినరు. నర్సమ్మ తిన్నది. ముక్కు ఎర్రబడింది, కళ్ళవెంట నీళ్ళు కారాయి, పైటతో తుడుచుకుంది. మంచినీళ్ళు మాత్రం అడగలేదు. ముద్ద పూర్తిచేసి మళ్ళీ చేయి చాపింది.

"ఇంకొకటి పెట్టండమ్మా," అంది.

నాయనమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆవిడ సిగ్గుపడడం నేను చూసింది అదొక్కసారే. రెండో ముద్దలో నూనె ధారాళంగా పోసింది, అమ్మ చేత చల్ల తెప్పించింది. నీ ఊరెక్కడ, నీకు పిల్లలెందరు అని అడగడం మొదలుపెట్టింది. నర్సమ్మకూ మా తమ్ముడంత పాప ఉందట. తన తల్లి దగ్గర వదిలి వచ్చిందట. ఆ పాపకు టీకా తన చేత్తోనే వేసిందట.

చల్ల తాగి గ్లాసు కింద పెట్టి, నర్సమ్మ కూడబలుక్కుంటూ చెప్పింది. "అమ్మా, మీ చేతి కారం కాసేపు మండింది, పోయింది. నా సూదీ అంతే. జ్వరం వస్తుంది, వస్తే నేను వచ్చి కూర్చుంటాను. బిడ్డను ఇవ్వండి."

నాయనమ్మ లేచి కారం చేతులు కడుక్కుంది. తర్వాత అమ్మతో, "చంటోణ్ణి తీసుకురావే," అంది. తమ్ముణ్ణి తన ఒళ్ళోనే పడుకోబెట్టుకుంది. వాడు ఏడ్చాడు, వాడికన్నా ఎక్కువ నాయనమ్మ ఏడ్చింది. ఆవిడే ఒప్పుకుందని తెలిసి మా వీధి వాళ్ళంతా పిల్లల్ని చంకనేసుకుని మా పెరట్లోకి వచ్చారు. తమ్ముడికి జ్వరం వచ్చింది, నర్సమ్మ మాట ప్రకారం వచ్చి కూర్చుంది, జ్వరం తగ్గింది. అమ్మవారు మా ఊరి పొలిమేర దాటి లోపలికి రాలేదు.

పచ్చడి దంచే రోజు ఏదో నర్సమ్మకు కబురు చేసింది మా అమ్మేనని నాకు పెళ్ళయ్యాక తెలిసింది. అత్తగారికి ఎదురు చెప్పలేని మనిషి అత్తగారి పట్టింపుతోనే అత్తగారిని గెలిచింది. ఆ సంగతి చెబుతున్నప్పుడు అమ్మ మొహం వెలిగిపోయింది.

తర్వాత నేనూ ఆరోగ్యశాఖలో చేరాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, దేశమంతా బదిలీలు. ఎడారి ఊళ్ళు, కొండ ఊళ్ళు, పేర్లు పలకడానికే వారం పట్టే ఊళ్ళు. ఎక్కడికి వెళ్ళినా ముందు సంచి తెరవలేదు. ఏం వండారమ్మా అని అడిగేదాన్ని. రాజస్థాన్‌లో సజ్జరొట్టె మీద వెల్లుల్లి కారం వేసి, తట్టుకోగలవా అన్నట్టు చూశారు. గుంటూరు సీమ దాన్ని, నాకు అదొక లెక్కా? అయినా వాళ్ళ ముచ్చట తీర్చడానికి ముక్కు ఎగబీల్చాను. నా పైఅధికారి ఒకాయన నన్ను తిండిపోతని వెక్కిరించేవాడు. ఆయన జీపు చూడగానే ఊళ్ళో తలుపులు మూసుకునేవి.

అస్సాంలో నది మధ్య దీవిలో ఒక ఊరుంది. మా వాళ్ళు వస్తున్నారంటే చాలు, పిల్లల్ని పడవల్లో దాచేసేవారు. అక్కడ ఒక ముసలమ్మ పులిసిన వెదురు మొలకల కూర పెట్టింది. ఆ వాసనకు ఊపిరి బిగబట్టుకున్నాను. తిన్నాను, ఇంకొంచెం పెట్టమన్నాను. ఆవిడ నవ్వి, లోపలికి వెళ్ళి మనవరాలి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పొద్దు వాలేసరికి పడవలన్నీ ఖాళీ. ఆ ఏడు నదికి రెండు వైపులా పిల్లలకు తట్టు సోకింది. ఆ దీవిలో ఒక్క బిడ్డకూ రాలేదు. ఆ కబురు విన్న రోజు నేను ఆఫీసులో అందరి ముందూ ఏడ్చాను, సంతోషంతో.

జనానికి ఇవ్వడానికి వెళ్ళేవాళ్ళు ముందు వాళ్ళ దగ్గర పుచ్చుకోవాలి. నర్సమ్మ దగ్గర నేను నేర్చుకున్నది ఇదే, ఇన్నేళ్ళ తర్వాతా నన్ను వదలనిదీ ఇదే. పదవీ విరమణ సభలో ఏం సంపాదించారని ఎవరో అడిగారు. పనిచేసిన ప్రతి ఊళ్ళోనూ ఇప్పటికీ నన్ను చూడగానే పొయ్యి వెలిగించే ఇల్లు ఒకటుందని చెప్పాను. ఆ ఇళ్ళల్లో ఇప్పుడు నాకు వడ్డించేది అప్పట్లో నేను టీకాలు వేసిన పిల్లలే.