కొండపల్లి కోట తలుపు

మా నాన్న పామర్రులో ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పి, పందొమ్మిది వందల డెబ్భైల నడుమ రిటైరయ్యారు. ఆయన పాఠాలన్నిటిలోకీ పేరున్నది కొండపల్లి కోట. రెడ్డిరాజులు కట్టారు, గజపతులు తీసుకున్నారు, తరవాత విజయనగరం, ఆ తరవాత గోల్కొండ. కోట చేతులు మారిన ప్రతిసారీ ఏనుగులు కొండెక్కి పరుగున వచ్చి కుంభస్థలాలతో తలుపు పగలగొట్టేవి. ఆ చప్పుడు కోసం నాన్న బల్లమీద పిడికిలితో మూడుసార్లు గుద్దేవారు. కోటను మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు. వాళ్ల మాస్టారు చెప్పింది నమ్మారు.

ఆయన రిటైరయ్యేనాటికి నేను విజయవాడలో గుమాస్తాను. రోజూ పామర్రు నుంచే బస్సులో వెళ్లొచ్చేదాన్ని. ఒక ఆదివారం నాన్నను కొండపల్లి తీసుకెళ్లాను. ఎండలో ఆగి ఆగి కొండెక్కాం. దారి బురుజు కిందికి వచ్చి, అక్కడ ఒక్కసారిగా పక్కకు మళ్లి, అప్పుడు ద్వారంలోకి వెళ్తోంది. నాన్న ద్వారం ముందున్న జాగాను అడుగులతో కొలిచారు. మళ్లీ కొలిచారు. అక్కడ మేకలు కాస్తున్న ఒక పెద్దాయన్ను, ఇక్కడ ఏనుగు పరిగెత్తగలదా అని అడిగారు.

"తిరగటానికే చోటు చాలదు కదండీ," అన్నాడాయన. పైనుంచి రాళ్లు దొర్లించటానికే బురుజును అలా నెత్తిమీద కట్టారనీ, తిండిగింజలు అయిపోయాక లోపలివాళ్లే తలుపు తీశారనీ వాళ్ల తాత చెప్పేవాడట.

తిరుగు బస్సులో నాన్న ఆ అడుగులే వేళ్లమీద మళ్లీ లెక్కపెట్టుకున్నారు. పామర్రు దగ్గరపడ్డాక, "ముప్ఫై ఏళ్లు పిల్లలకు తప్పు చెప్పాను," అన్నారు.

మర్నాటి నుంచి పాత విద్యార్థులను వెతుక్కుంటూ వెళ్లి తప్పు దిద్దటం మొదలుపెట్టారు. చాలామందికి కోట గుర్తులేదు, బల్ల గుద్దటం గుర్తుంది. ఒకాయన గడ్డం గీయించుకుంటూ విని, తల ఊపే వీల్లేక, కళ్లు మూసి తెరిచాడట.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ ఏడో తరగతి దాకా నాన్న దగ్గరే చదివింది. ఆవిడకు పాఠమంతా గుర్తుంది. గంప దించి, నాన్న చెప్పిందంతా వింది.

"మా పిల్లకి రోజూ ఆ ఏనుగుల సంగతి చెప్పే అన్నం పెడతన్నానండి మాస్టారూ. ఇప్పుడు రాలేదంటే తినదు," అంది.

నాన్న అరుగుమీద కూర్చున్నారు. ఆయన మొహంలో అంత ఇబ్బంది నేనెప్పుడూ చూడలేదు.

"ఏనుగులు వచ్చాయనే చెప్పమ్మా. కొండ కిందే ఆగిపోయాయను. తలుపు మటుకు లోపలివాళ్లే తీశారు, అది మార్చకు."

ఆవిడ సరేనంది. నాలుగు రోజులకు మళ్లీ వచ్చి, పిల్ల అన్నం తింటోంది గానీ, లోపల గింజలు అయిపోయేదాకా ఏనుగులు కింద ఏం తిన్నాయని అడుగుతోందని చెప్పింది. నాన్న తెలియదన్నారు. తను చదువు చెప్పినవాళ్ల ముందు ఆయన ఆ మాట అనటం అదే మొదటిసారి అనుకుంటాను. లేచి చొక్కా వేసుకుని, ఏనుగు మేత గురించి ఏదైనా పుస్తకం ఉందేమో చూస్తానని లైబ్రరీకి వెళ్లారు.